కుక్కలలో పన్ను తొలగింపు: భద్రతకు పాటించవలసిన పద్ధతులు

పశువుల నల్లి ఎముకలను పెంపుడు కుక్కలకు వేయడం హైదరాబాదు పాతబస్తీ వంటి ప్రాంతాలలో కనిపించే అలవాటు. మాంసం దుకాణాలు దగ్గరగా ఉన్నచోట ఈ ఎముకలు సులభంగా దొరుకుతాయి. అయితే పంటి పింగాణీ కంటె మెత్తనిదైనా, గట్టి ఎముకను బలంగా కొరికినప్పుడు పై దవడలోని నాలుగవ అగ్రచర్వణకం పలకలా చీలిపోవచ్చు. పంటి లోపలి గుజ్జు బయటపడి, సూక్ష్మజీవులు వేరు కొన వరకు చేరి చీము పడుతుంది. కొన్ని వారాలకో, నెలలకో కంటి కింద వాపు కనిపిస్తుంది. యజమాని దానిని సెగగడ్డ అనుకుంటాడు. యాంటీబయాటిక్ ఇస్తే వాపు తగ్గి, మందు ఆపగానే తిరిగి వస్తుంది. వేరు చికిత్స చేయడమో, పన్ను తీయడమో తప్ప దీనికి శాశ్వత పరిష్కారం లేదు.

పన్ను తొలగింపును చిన్న పనిగా భావించరాదు. అది ఎముకపై చేసే శస్త్రచికిత్స. అందులో జరిగే ప్రమాదాలకు ఎక్కువగా తొందరపాటే కారణం.

తొలి పరీక్ష

చొంగ కార్చుతూ, నోరు మూయలేక, మేత తినలేక వచ్చిన ప్రతి కుక్కకూ పంటి వ్యాధే ఉందని నిర్ణయించరాదు. "గొంతులో ఎముక ఇరుక్కుంది" అంటూ తెచ్చిన కుక్కకు పక్షవాత రూపంలోని రేబిస్ ఉండవచ్చు. టీకా వివరాలు, కాటు చరిత్ర, ప్రవర్తనలో మార్పు తెలుసుకున్న తరువాతనే, చేతి తొడుగులు ధరించి నోరు పరీక్షించాలి. వైద్యులు, సిబ్బంది, శిక్షణలోని విద్యార్థులు ముందస్తు రేబిస్ టీకాలు వేయించుకొని ఉండాలి.

పెరిగిన కుక్కకు 42 శాశ్వత దంతాలు ఉంటాయి. కుంతకాలకు, రదనికలకు ఒక్కొక్క వేరు, చాలా అగ్రచర్వణకాలకు రెండు వేర్లు, పై దవడ నాలుగవ అగ్రచర్వణకానికీ దాని వెనుక ఉన్న రెండు చర్వణకాలకూ మూడేసి వేర్లు ఉంటాయి. వేర్ల ఆకృతి, చుట్టూ మిగిలిన ఎముక బలం బయటికి కనిపించవు. కనుక తొలగింపునకు ముందు ఒకటి, తరువాత ఒకటి ఎక్స్‌రే తీయడం అవసరం. వయసు మళ్లిన కుక్కలలో రక్తపరీక్షతో మూత్రపిండాల, కాలేయాల పనితీరును తెలుసుకోవాలి.

మత్తు: హైదరాబాదు ఇచ్చిన పాఠం

పాతబస్తీ నుండి నయాపూల్ దాటితే వచ్చే అఫ్జల్‌గంజ్‌కు మత్తువైద్య చరిత్రలో స్థానం ఉంది. హైదరాబాదు వైద్య పాఠశాలకు నాయకత్వం వహించిన ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో, 1889లో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. రెండవ కమిషన్‌కు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేయగా, లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నారు. ప్రధానంగా కుక్కలపై జరిపిన ప్రయోగాల నుండి, మత్తులో గుండె కంటె ముందు శ్వాసే ఆగుతుందని, కనుక శ్వాసను గమనిస్తే చాలునని నిర్ధారించారు.

ఈ నిర్ధారణలో సగమే నిలిచింది. తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో గుండె జఠరికలు లయ తప్పి హఠాత్తుగా మరణం సంభవించగలదని గుడ్‌మన్ లెవీ 1911లో పిల్లులపై చూపించారు. క్లోరోఫామ్ వాడుక పోయినా, శ్వాసను, గుండెను రెండింటినీ చివరి వరకు గమనించాలన్న పాఠం పోలేదు.

జైలజీన్ వంటి మందుతో పైపై మత్తు ఇచ్చి పన్ను లాగడం సురక్షితం కాదు. నోటిలోని రక్తం, నీరు ఊపిరితిత్తులలోకి పోగలవు. పూర్తి మత్తు ఇచ్చి, గాలి బుడగ ఉన్న గొట్టాన్ని శ్వాసనాళంలో అమర్చాలి. శ్వాస, గుండె లయ, రక్తంలో ప్రాణవాయువు, శరీర ఉష్ణోగ్రతలను చూడడానికి ఒకరిని ప్రత్యేకించాలి. చిన్న కుక్కలు త్వరగా చల్లబడతాయి కనుక వెచ్చగా ఉంచాలి. గొంతులో గుడ్డ ఉంచితే, గొట్టం తీసే ముందు దానిని తప్పక తీయాలి.

స్థానిక మత్తు వల్ల నొప్పి తగ్గి, పూర్తి మత్తు మోతాదును తగ్గించవచ్చు. బుపివకెయిన్ మొత్తం మోతాదు కిలో బరువుకు 2 మి.గ్రా. మించరాదు. సూది రక్తనాళంలో లేదని సిరంజిని వెనక్కు లాగి చూసిన తరువాతనే మందు ఎక్కించాలి.

తొలగించు విధానం

మొదట చిగురును పంటి చుట్టూ కోసి, అవసరమైతే పొరగా లేపాలి. వెలుపలి వైపు ఎముకను కొంత తొలగించాలి. ఒకటి కంటె ఎక్కువ వేర్లు ఉన్న పంటిని, వేర్లు చీలేచోటు నుండి పైకి డ్రిల్‌తో కోసి, ప్రతి వేరునూ ఒంటి వేరు పన్నుగా మార్చాలి. డ్రిల్‌కు నీటి చల్లదనం తప్పనిసరి. ఎలివేటర్‌ను వేరుకూ ఎముకకూ మధ్య చొప్పించి, మెల్లగా తిప్పి, 10 సెకన్ల వరకు అదే ఒత్తిడిలో నిలపాలి. పంటిని పట్టి ఉంచే తంతువులు అలసి తెగుతాయి. పన్ను బాగా కదిలిన తరువాతనే ఫోర్సెప్స్ వాడాలి. బలవంతంగా లాగితే వేరు విరిగి లోపల ఉండిపోతుంది.

మూడు చోట్ల ప్రత్యేక జాగ్రత్త అవసరం. పై రదనిక వేరుకూ ముక్కుకూ మధ్య ఎముక పలుచన. అది పగిలితే నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం ఏర్పడుతుంది. పై దవడ వెనుక పళ్ల వద్ద ఎలివేటర్ జారితే కంటిని చేరగలదు. కనుక చూపుడువేలిని పరికరం కొనకు దగ్గరగా ఉంచి పట్టుకోవాలి. పామరేనియన్ వంటి చిన్న జాతులలో కింది దవడ మొదటి చర్వణకం వేర్లు దవడ అడుగు వరకు ఉంటాయి. చిగుళ్ల వ్యాధితో ఎముక కరిగినప్పుడు, కొద్ది బలానికే దవడ విరగవచ్చు.

చివరిగా ఎముక అంచులను నునుపు చేసి, గూటిని కడిగి, బిగువు లేకుండా చిగురును కరిగే దారంతో కుట్టాలి.

తరువాతి సంరక్షణ

మూత్రపిండాల జబ్బు లేని కుక్కకు మెలాక్సికామ్ మొదటి రోజు కిలోకు 0.2 మి.గ్రా., తరువాత రోజుకు 0.1 మి.గ్రా. ఇవ్వవచ్చు. యాంటీబయాటిక్‌ను అవసరాన్ని బట్టి మాత్రమే వాడాలి. రెండు వారాలు మెత్తని ఆహారం పెట్టి, గట్టి ఆటవస్తువులను దూరంగా ఉంచాలి. 10 నుండి 14 రోజులకు గాయాన్ని తిరిగి చూడాలి.

కరిచే కుక్కకు ఆరోగ్యమైన పళ్లు తీయమని కోరే యజమానులు ఉంటారు. ఇది చికిత్స కాదు. దవడ కరవడం మానదు, కుక్కకు బాధ మిగులుతుంది. అటువంటప్పుడు ప్రవర్తనకు కారణం వెదకాలి. ఎక్స్‌రే గాని, మత్తు పర్యవేక్షణ గాని లేని చోట, కష్టమైన పంటిని ప్రయత్నించక నొప్పి తగ్గించి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వంటి బోధనా ఆసుపత్రికి పంపడం ఉత్తమం. విస్తరణ శాస్త్రవేత్తలు యజమానులకు చెప్పవలసిన మాట ఒకటే: నల్లి ఎముక మాని, చిన్నతనం నుండే పళ్లు తోమడం అలవాటు చేస్తే చాలా పళ్లను కాపాడవచ్చు.