రెండు మైకుల నడుమ జానెడు గాలి

ఇంటిగదిలో గిటారు ఆంప్లిఫయరు ముందు ఒక మైకు నిలిపి రికార్డు చేసికొనువాడు, గదిలో తన చెవికి నిండుగా వినబడిన నాదములో ఏదో కొంత ట్రాకులోనికి రాలేదని తోచినప్పుడు, ఎరవు తెచ్చియో కొనియో రెండవ మైకును దాని ప్రక్కన నిలుపును. అట్లు నిలిపి రెండింటిని కలిపి విన్నచో, నాదము ఇనుమడించుటకు మారుగా, మొదటి మైకుకున్న బలము సైతము సన్నగిల్లి, పీలగా, బోలుగా వినవచ్చును. అప్పుడాతడు మైకును నిందించును, తీగను నిందించును, చివరకు తన గిటారునే శంకించును. నిజమునకు నేరము ఆ రెండు మైకుల నడుమనున్న జానెడు గాలిది.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్ల వేగమున పోవును. మనకది మహావేగముగా తోచును గాని, సంగీతపు లెక్కలో అంత గొప్పదేమియు కాదు. రెండవ మైకు మొదటిదానికన్న 17 సెంటీమీటర్లు వెనుకనున్నదనుకొందము. ఆ పాటి దూరము దాటుటకు ధ్వనికి సెకనులో రెండువేలవ వంతు పట్టును. సెకనుకు 1000 మారులు కంపించు స్వరమునకు ఆ వ్యవధి సుమారు సగము కంపనము. కాబట్టి మొదటి మైకు వద్ద గాలి దట్టమైయున్న క్షణముననే రెండవదాని వద్ద పలుచనగును. రెండును సమాన బలముతో కలిసినంతనే ఆ స్వరము తనను తానే హరించుకొనును. అచటనే కాక 3000 వద్దను, 5000 వద్దను అట్లే లోపించి, నడుమనున్న 2000, 4000ల వద్ద బలిసి, నాదమును పటముగా గీసి చూచినచో దువ్వెన పండ్లవలె కనబడును. ఫేజు కుదరలేదని రికార్డింగువారు విసుగుకొనునది దీనినిగూర్చియే.

ఈ హరణమునే ఉపాయముగా మార్చుకొన్నవారును కలరు. 1974లో అమెరికాలోని గ్రేట్‌ఫుల్ డెడ్ అను రాక్ బృందమువారు, వాల్ ఆఫ్ సౌండ్ అని పేరొందిన బ్రహ్మాండమైన స్పీకర్ల గోడను పాడువారి వెనుకనే నిలిపి కచేరీలు చేసిరి. స్పీకర్లు వెనుకనుండగా మైకు కుయ్యిమనక మానదు గదా; అందుచే ప్రతి గాయకుని ముందు జతమైకులను ఒకదానిపైనొకటి బిగించి, ఒకదాని పోలారిటీని, అనగా దాని సంకేతపు ధన ఋణముల వరుసను, తలక్రిందులు చేసిరి. గోడనుండి వచ్చు హోరు రెండింటికిని సమానముగా చేరి చెల్లిపోవును. ఒక మైకుకు పెదవులానించి పాడిన గొంతు మాత్రము మిగులును. గాయకుడు కొంచెము వెనుకకు జరిగెనా, వాని గొంతుకును ఆ హోరు గతియే పట్టును.

గిటారు ఆంప్లిఫయరు విషయమున రెండవ మైకు నిజముగా ఉపకరించును. ఏలయనగా స్పీకరు అంతయు ఒకే తీరున పలుకదు. 12 అంగుళముల స్పీకరుకు నడిమిభాగమున నాదము వాడిగా నుండి, అంచునకు జరిగినకొలది మెత్తబడును. షూర్ కంపెనీవారు 1965లో తెచ్చిన ఎస్‌ఎమ్57 అను డైనమిక్ మైకును, ఆంప్లిఫయరు ముందరి గుడ్డకు రెండు వ్రేళ్ల దూరమున, నడిమికి కొంచెము ప్రక్కగా నిలుపుట వాడుక. దానికి తోడుగా, పలుచని అల్యూమినియము రేకుతో పనిచేయు రిబ్బన్ మైకును పెట్టినచో, మొదటిది తీగ మీటిన వాడిని, రెండవది నాదపు గుజ్జును పట్టును. పాత రిబ్బన్ మైకును ఎరవు తెచ్చువారు మాత్రము కండెన్సరు మైకులకు వలయు 48 వోల్టుల ఫాంటమ్ పవరును ముందుగా ఆపవలెను. తీగలో లోపమున్నచో ఆ రేకు చెడిపోవచ్చును.

ఇచట చాలమంది మైకుల మూతులను ఒకే వరుసకు తెచ్చి తృప్తిపడుదురు. కాని సరిచూడవలసినది లోపలి పొరను. అది ఒక మైకులో మూతికి దాపుననుండగా మరొకదానిలో లోతుగా నుండును. స్కేలుకన్న చెవిని నమ్ముట మేలు. ఒక మైకు పోలారిటీని సాఫ్ట్‌వేరులో తలక్రిందులు చేసి, రెండింటిని సమాన బలమున కలిపి, గిటారు మీటకుండ, ఆంప్లిఫయరు తనంత తాను చేయు బుసను హెడ్‌ఫోనులో వినుచు, మిత్రునిచేత ఒక మైకును అణుమాత్రముగా ముందు వెనుకలకు జరిపించవలెను; ఆ బుస ఎచట మిక్కిలి సన్నగిల్లునో అచట మైకును బిగించి పోలారిటీని యథాస్థితికి తెచ్చినచో, అదే చోట గిటారు మిక్కిలి నిండుగా పలుకును. నిండుదనమును వెదకుటకన్న లోపమును వెదకుట చెవికి సులభము. ఈ చిట్కాలోని యుక్తి అంతయు అదియే.

గాత్రము సంగతి వేరు. స్పీకరు కదలదు, పాడువాడు కదలును. భావము ముదిరినకొలది వాని తల ఊగి ఒక మైకుకు చేరువై మరొకదానికి దూరమగును. ఆ దూరభేదము మారినప్పుడెల్ల లోపించు స్వరములును మారి, గొంతు పదమునకొక రంగుగా వినబడును. రెండు మైకులను ఒకదానిపైనొకటి, తగిలీ తగలనట్లుగా, నోటికి సమదూరమున నిలిపినచో ఈ బాధ చాలవరకు తీరును. ఐనను గాత్రమునకు రెండు మైకులు కలుపుటకుకాక ఎంచుకొనుటకే మేలని నా అభిప్రాయము: ఒకే గానమును రెండింటిలోను పట్టి, ఆ గొంతుకు నప్పినదానిని ఉంచుకొనవచ్చును. మైకుల నడుమ దూరము నోటికిని మైకుకును నడుమ దూరమునకు మూడింతలుండవలెనను ‘ఒకటికి మూడు’ నియమమును ఇచట వల్లించువారు కలరు గాని, అది ఇద్దరు పాడునప్పుడు ఒకరి మైకులోనికి మరొకరి గొంతు ఎక్కువగా చొరకుండుటకు చెప్పినది.

దూరపు మైకు మహిమ చూపిన పాట లేకపోలేదు. 1977లో బెర్లిన్ గోడకు దాపుననున్న హన్సా స్టూడియోలో డేవిడ్ బోవీ ‘హీరోస్’ పాడినప్పుడు, నిర్మాత టోనీ విస్కాంటి రెండు కాదు, మూడు మైకులు పెట్టెను: ఒకటి సుమారు 9 అంగుళముల దూరమున, ఒకటి 20 అడుగుల దూరమున, మూడవది 50 అడుగుల దూరమున; గొంతు హెచ్చినప్పుడు మాత్రమే దూరపువి తెరచుకొనునట్లు గేట్లు అమర్చెను. అది పెద్ద హాలు. పదడుగుల పడకగదిలో దూరపు మైకు తెచ్చునది విశాలత కాదు. గోడకు తగిలి మరలివచ్చిన గొంతు, ఫ్యాను గాలి, పొరుగింటి కుక్కరు కూత.

ఏది చేసినను రెండు మైకులను రెండు ట్రాకులలో విడివిడిగా దాచుకొనవలెను. ఒకదానిని ఎడమకును, మరొకదానిని కుడికిని త్రోసి హెడ్‌ఫోనులో విన్నచో దోషము దాగును. అవి రెండును ఒకటిగా కలియు చోట, అనగా ఒకే స్పీకరున్న చవకఫోనులోనో పెండ్లిపందిరి లౌడ్‌స్పీకరులోనో, బయటపడును. కనుక మిక్సింగు నడుమ అప్పుడప్పుడు మోనో బొత్తాము నొక్కి వినుచుండవలెను.