ప్రయోగశాల ఉష్ణోగ్రత నియంత్రకాలు, కంప్యూటర్: సమాచార వినిమయంలో జాప్య నివారణ

కీలకపదాలు: ఉష్ణోగ్రత నియంత్రకం, మోడ్‌బస్, బాడ్ రేటు, జాప్యం, సెన్సర్

ఉపోద్ఘాతం:
2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు, పెందుర్తి మండలంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు ఉందని, మధ్య, పై భాగాల్లో లేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం గుర్తించింది. ఉష్ణోగ్రత సమాచారం సరైన చోటు నుండి, సరైన సమయానికి చేరడం ఎంత కీలకమో ఈ ఘటన తెలుపుతుంది. ప్రయోగశాలల్లో ఈ రెండో అంశాన్ని, అంటే సమయాన్ని, వివరించడం ఈ వ్యాసోద్దేశం.

1. జాప్యం ఎక్కడ పుడుతుంది?
నియంత్రకాలను కంప్యూటర్‌తో కలపడానికి 1979లో మోడికాన్ సంస్థ రూపొందించిన మోడ్‌బస్ పద్ధతి నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. ఇందులో కంప్యూటర్ అడిగితేనే నియంత్రకం బదులిస్తుంది. ఆర్.ఎస్.-485 తీగపై ఒక్కో అక్షరానికి ఆరంభ, సమత, విరామ బిట్లతో కలిపి 11 బిట్లు పడతాయి. 9600 బాడ్ రేటు వద్ద ఒక అక్షరానికి సుమారు 1.15 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక ఉష్ణోగ్రత విలువను అడగడానికి 8, బదులుకు 7 అక్షరాలు కావాలి. సందేశాల మధ్య 3.5 అక్షరాలంత మౌనం తప్పనిసరి. ఇవన్నీ కలిపితే ఒక్క విలువకు దాదాపు 25 మిల్లీసెకన్లు అవుతాయి. నియంత్రకం ఆలోచించుకునే వ్యవధి దీనికి అదనం.

2. వేగవంతం చేసే మార్గాలు
2.1. సమూహ పఠనం: పది విలువలను విడివిడిగా అడిగితే 250 మిల్లీసెకన్లు పడుతుంది. వరుస రిజిస్టర్లలో ఉన్న ఆ పదింటినీ ఒకేసారి అడిగితే 46 మిల్లీసెకన్లు చాలు. కొత్త పరికరమేదీ కొనకుండా లభించే ప్రయోజనమిది.
2.2. బాడ్ రేటు పెంపు: 115200కు పెంచితే ఒక్క విలువకు 5 మిల్లీసెకన్లు సరిపోతాయి. అయితే యు.ఎస్.బి. మార్పిడి పరికరాలు కొన్ని వచ్చిన సమాచారాన్ని 16 మిల్లీసెకన్ల వరకు తమ వద్దనే ఆపి ఉంచుతాయి. ఆ అమరికను తగ్గించకపోతే పెంచిన వేగం చాలావరకు వృథా అవుతుంది.
2.3. నిరీక్షణ పరిమితి: ఒక నియంత్రకం తీగ ఊడిపోతే, కంప్యూటర్ దాని బదులు కోసం నిర్ణీత వ్యవధి వరకు వేచి ఉంటుంది. ఆ వ్యవధి 1 సెకను అయితే మిగిలిన నియంత్రకాల పఠనమంతా అంతసేపు ఆగుతుంది. మౌనం వహించిన పరికరాన్ని తాత్కాలికంగా వరుస నుండి తప్పించి, అప్పుడప్పుడు మాత్రమే పలకరించడం మేలు.

3. వేగానికి హద్దులు
ఉష్ణోగ్రత నిదానంగా మారే రాశి. సెన్సర్ స్పందించడానికే కొన్ని సెకన్లు పట్టేచోట సెకనుకు వందసార్లు చదివినా కొత్త సమాచారం రాదు. పైగా లక్ష్య ఉష్ణోగ్రతను నియంత్రకపు శాశ్వత స్మృతిలో పదేపదే రాయడం ప్రమాదకరం. లక్షసార్లు రాయగల స్మృతిలో సెకనుకొకసారి రాస్తే దాదాపు 28 గంటల్లో ఆ పరిమితి తీరిపోతుంది. విలువ మారినప్పుడే రాయాలి.

ముగింపు:
వేగం వేరు, జాప్యం లేకపోవడం వేరు. తీగ వేగాన్ని పెంచడం కన్నా ముందు అనవసరపు ప్రశ్నలను, నిరీక్షణలను తగ్గించాలి. కంప్యూటర్ ఆగినా పనిచేసేలా ప్రమాద హెచ్చరికను, తాపకాన్ని ఆపే ఏర్పాటును నియంత్రకంలోనే ఉంచాలి. అన్నింటికీ మించి, సెన్సర్ లేని చోటి వేడిని ఎంతటి వేగవంతమైన వ్యవస్థా చెప్పలేదు. వెంకటాపురం అధ్యాపకులకు, పరిశోధకులకు నేర్పే పాఠమిదే.