బొబ్బిలిలో ఇంటి టమాటా: విత్తనం ఎప్పుడు వేస్తే కాయ నిలుస్తుంది?

2023 జూలై గుర్తుందా? టమాటా కిలో నూట యాభై దాటింది. రైతుబజార్లలో ప్రభుత్వం 50 రూపాయలకు అమ్ముతుంటే జనం క్యూ కట్టారు. మా ఇంట్లో ఆ నెలంతా సాలన్‌లో చింతపండే. అప్పుడే అమ్మీ పంతం పట్టి, మెత్తబడిన ఓ టమాటాను పిసికి మేడ మీద పాత పెయింటు డబ్బాలో వేసింది. నారు బాగానే లేచింది. పది రోజులు ఆగకుండా పడిన ముసురుకి మొదళ్లు కుళ్లి మొత్తం ఒరిగిపోయింది. మరుసటి ఏడాది మార్చిలో మళ్లీ వేశాం. ఈసారి మొక్కలు నడుమెత్తు పెరిగాయి, నిండా పూశాయి, కానీ ఒక్క కాయ నిలవలేదు.

రెండుసార్లూ మేం తప్పు నెలలో వేశాం. టమాటా ఎండను ఇష్టపడుతుంది గానీ రాత్రి వేడిని తట్టుకోదు. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పూత బాగా కాయ కడుతుంది. పగలు 35 దాటి, రాత్రి కూడా 24, 25 కిందికి దిగకపోతే పుప్పొడి పనిచేయదు, పువ్వు కాడతో సహా రాలిపోతుంది. మన వైపు ఏప్రిల్, మే రాత్రులు ఎలా ఉంటాయో మేడ మీద పడుకునేవాళ్లకి చెప్పక్కర్లేదు. మరి వేసవిలో మదనపల్లె టమాటా ఎలా వస్తోంది అంటారేమో. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రి చల్లబడుతుంది. బొబ్బిలికి ఆ సౌకర్యం లేదు.

కాబట్టి మనకు సరైన సమయం సెప్టెంబరు ఆఖరి వారం నుంచి అక్టోబరు మధ్య వరకు. అప్పుడు విత్తితే నెలకి నారు సిద్ధమవుతుంది, డిసెంబరు చలికి పూత మీద ఉంటుంది, జనవరిలో పండు కోయొచ్చు. ఒక్కటే భయం, తుపాను. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. సరిగ్గా మన నారు వయసుకొచ్చే రోజులు. అందుకే నారును నేల మడిలో కాకుండా టీ కప్పుల్లోనో ట్రేలోనో పోయండి. వాన హెచ్చరిక వస్తే ఎత్తి వరండాలో పెట్టేసుకోవచ్చు.

విత్తనం దగ్గర ఒక మాట. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే అది హైబ్రిడ్. కాపు బాగానే ఉంటుంది, కానీ ఆ పండు గింజలు దాచి మళ్లీ వేస్తే ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తుంది. బజారు పండును పిసికి వేసినా ఇదే ఇబ్బంది, ఎందుకంటే అవి ఎక్కువగా హైబ్రిడ్లే. ఏటా గింజ దాచుకోవాలనుకుంటే సూటి రకాలు తీసుకోండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా రూబీ, బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా వికాస్ అలాంటివే. అదే బెంగళూరు సంస్థ తెచ్చిన అర్కా రక్షక్ మూడు తెగుళ్లను తట్టుకుంటుంది, అయితే అది హైబ్రిడ్.

నారు పోయడంలో పెద్ద విద్యేం లేదు. మట్టి, బాగా మాగిన గత్తం, ఇసుక సమంగా కలపండి. పచ్చి గత్తం వద్దు. కప్పుకి అడుగున చిల్లు పెట్టి, అర సెంటీమీటరు లోతున రెండేసి గింజలు వేసి, చేత్తో చిలకరించినట్టు తడపండి. ఐదు నుంచి ఎనిమిది రోజుల్లో మొలక వస్తుంది. ఆ రోజు నుంచే ఎండ తగలాలి, నీడలో ఉంచితే సన్నగా సాగిపోతుంది. మా మొదటి నారును చంపింది నారుకుళ్లు. పైమట్టి ఆరాకే మళ్లీ నీళ్లు పోస్తే చాలావరకు అది రాదు.

పాతిక ముప్పై రోజులకి, నాలుగైదు ఆకులు వచ్చాక సాయంత్రం పూట నాటండి. కాండం కొంచెం లోతుగా పూడ్చినా పర్వాలేదు, పూడిన చోట కూడా వేర్లు వేస్తుంది. ఇరవై లీటర్ల డబ్బాకి ఒకటే మొక్క. రెండు పెడితే రెండూ పాడవుతాయి, మా చాచా చెప్పినా వినలేదు. ఊతకర్ర నాటిన రోజే గుచ్చేయండి, తర్వాత గుచ్చితే వేర్లు తెగుతాయి. పూత వచ్చాక ఉదయం పూట కొమ్మను మెల్లగా కదిపితే పుప్పొడి రాలి కాయ బాగా కడుతుంది.

ఆకులు ముడుచుకుపోతే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. మందు లేదు. ఆ మొక్కను పీకి దూరంగా పారేయాలి. ముందుగానే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి ఆకుల అడుగున కొడితే దోమ తగ్గుతుంది. కాయ అడుగు నల్లబడితే మాత్రం పురుగు అనుకోకండి. ఒకరోజు మరిచిపోయి మరుసటి రోజు ముంచెత్తితే కాయకి సున్నం అందక అలా అవుతుంది. రోజూ ఒకే కొలత పోయండి.

ఇక లెక్క. బీకాం చదివినవాణ్ణి, వేయకుండా ఉండలేను. డబ్బాలో మొక్కకి రెండు కిలోలు వస్తే మంచి కాపే. ఆరు మొక్కలకి పన్నెండు కిలోలు. కానీ అవి వచ్చే జనవరి, ఫిబ్రవరిలో బజారులోనూ టమాటా చవకే. కిలో ఇరవై అనుకుంటే మన పంట విలువ 240 రూపాయలు. గత్తం ఖర్చు కూడా రాదు. జూలైలో కాయిద్దామంటే మన వేడి కాయనివ్వదు. అందుకే డబ్బు మిగలాలంటే దాచుకోవాలి. రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలో వస్తోంది కాబట్టి సెహ్రీ చట్నీకి కొంత పోతుంది. మిగిలినవి ముక్కలు కోసి, ఉప్పు, పసుపు వేసి రెండు రోజులు ఊరబెట్టి, పిండి, గట్టి ఎండలో ఆరబెట్టండి. ఆ రసంలోనే చింతపండు నానబెట్టి, ముక్కలతో కలిపి రుబ్బితే నిల్వ పచ్చడి. తడి తగలకుండా జాడీలో పెడితే జూలైకి ఉంటుంది. అమ్మీ అయితే సగం ముక్కల్ని గలగలలాడేలా ఎండబెట్టి డబ్బాలో పోసింది. సాలన్‌లో గుప్పెడు వేస్తే చాలు.

సూటి రకం వేసినవాళ్లు అన్నిటికంటే బాగా కాసిన మొక్క నుంచి రెండు పండ్లు కోయకుండా పూర్తిగా ముగ్గనివ్వండి. గింజల్ని గుజ్జుతో సహా గ్లాసులో ఒకటి రెండు రోజులు పులియబెడితే చుట్టూ ఉన్న జిగురు విడిపోతుంది. కడిగి, నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో పోసి రకం పేరు, తేదీ రాసుకోండి. మా కవరు బీరువాలో జాకెట్ గుడ్డల కింద ఉంది, సెప్టెంబరు వరకు ఎవరూ ముట్టుకోకూడదని అమ్మీ ఆర్డర్.