చూలాలికి తీపి బిళ్ల

నెలలు నిండుచున్న కూతురికి పుట్టింటివారు చలిమిడి తెచ్చి పెట్టుట మన ఇండ్లలో వాడుక. అట్టి వేళనే, రక్తములో చక్కెర హెచ్చినది, తీపి మానవలెనని వైద్యురాలు చెప్పినచో, ఆ ఇంటి కాఫీలోనికి చిన్న తీపి బిళ్ల వచ్చి చేరును. అది చక్కెర కాదు, నిజమే. మరి కడుపులోని బిడ్డకు అదేమి చేయును?

దీనికి ఒకే జవాబు లేదు. కృత్రిమమైన తీపి పదార్థములు పెక్కు గలవు. దేహములో ఒక్కొక్కటి ఒక్కొక్క దారి పట్టును.

వీనిలో పాతది సాకరిన్. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఫాల్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు, చేతికంటిన పదార్థము తియ్యగా నుండుట గమనించి దీనిని కనుగొనెను. ఇది జీర్ణము కాక, మూత్రముతో మారకయే వెడలిపోవును. కాని ఈలోగా మాయను దాటి శిశువును చేరును. అచ్చటినుండి త్వరగా తొలగదు. హాని ఋజువు కాకున్నను, గర్భిణులు దీనిని మానుట మేలని పలువురు వైద్యులు చెప్పుదురు.

ఆస్పర్టేమ్ ప్రేగులలోనే విరిగిపోవును. అందుండి వచ్చు ఫినైల్ అలనిన్ మన పప్పులోను పాలలోను ఉన్నదే. దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 40 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ నిపుణులు విధించిన మితము. అనగా 50 కిలోల స్త్రీకి 2000 మిల్లీగ్రాములు. 2023లో మరల విచారించియు వారీ మితమును మార్చలేదు. అయితే ఫినైల్‌కీటోన్యూరియా అను పుట్టువ్యాధి గల స్త్రీకి ఇది తగదు. ఆమె రక్తములో ఫినైల్ అలనిన్ పేరుకొని, గర్భస్థ శిశువు మెదడునకును గుండెకును చేటు తెచ్చును.

ఇక బాలింతల మాట. 2015లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశీలనలో 20 మంది తల్లుల పాలను పరీక్షింపగా, 13 మంది పాలలో సాకరిన్, సుక్రలోజ్, ఎసిసల్ఫేమ్ అనువానిలో ఏదో యొకటి కనబడినది, ఆస్పర్టేమ్ కనబడలేదు. కెనడాలో మూడువేలకు పైగా తల్లీబిడ్డలను పరిశీలింపగా, గర్భమున్నపుడు దినమును కృత్రిమపు తీపి పానీయములు త్రాగిన తల్లుల బిడ్డలలో, ఏడాది నాటికి అధికమైన బరువు ఇంచుమించు రెండింతలుగా కనబడినదని 2016లో తెలిపిరి. ఆ పానీయములే కారణమని దీనివలన తేలదు. కాని జాగ్రత్తకిది చాలును.

కావున డబ్బాపై నున్న పేరు చదివి కొనుడు. ఏది, ఎంత వాడుచున్నారో వైద్యురాలికి చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి గలదు. బెల్లమునకు బదులు బిళ్ల వేసి చలిమిడి చేసినను, అందులోని బియ్యపుపిండి రక్తములో చక్కెరయే యగును. "చక్కెర లేనిది" అని అమ్మెడు మిఠాయిలలోని మైదాయు అట్టిదే. బిళ్ల నాలుకకు తీపి నిచ్చునే కాని వ్యాధికి మందు కాదు. దానిని నమ్మి పథ్యమును, వైద్యమును విడుచుటయే తల్లికిని బిడ్డకును అసలైన అపాయము.