అరచేతిలో వైకుంఠం... షరతులు వర్తిస్తాయి!

అబద్ధం ఆడకుండా మోసం చేయడం కుదురుతుందా? బ్రహ్మాండంగా కుదురుతుంది. ఏదైనా ఒక ఫోన్ యాడ్ తీసుకుని నిదానంగా చదవండి, మీకే తెలుస్తుంది. చాలా యాడ్లలో ఒక్క అంకె కూడా తప్పుండదు. రేపు ఎవరైనా నిలదీసినా సమాధానం చెప్పుకునేలా జాగ్రత్తగా రాసుంటారు. కానీ చదివినప్పుడు మనకు అర్థమయ్యేది ఒకటి, బాక్స్ విప్పాక చేతికొచ్చేది ఇంకొకటి. ఆ తేడాకి కూడా మనమే డబ్బు కడుతున్నాం.

మా చుట్టాల్లో ఎవరు ఫోన్ కొనాలన్నా ముందు నాకు రెండు లింకులు వస్తాయి, "వీటిలో ఏది మంచిది రా?" అని. దాంతో యాడ్లూ, స్పెక్ షీట్లూ, వాటి కింద ఉండే చీమంత అక్షరాలూ చదవడం నాకు అలవాటైపోయింది. చదివీ చదివీ ఒక అభిప్రాయం కూడా స్థిరపడింది. ఫోన్లు తయారుచేసే ఇంజినీర్ల పనితనానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. పదిహేను వేల ఫోన్‌తో పెళ్లి వీడియో తీసేస్తున్న కాలం ఇది. మరి అంత మంచి వస్తువు అమ్ముకోవడానికి ఇన్ని చీమంత అక్షరాలు ఎందుకు? నా పేచీ అంతా అక్కడే.

నేతి బీరకాయలో నెయ్యి

మొన్నామధ్య మా పిన్ని ఒక ఫోన్ బాక్స్ ఫొటో పంపింది. "16 జీబీ ర్యామ్ అంటరా, పద్నాలుగు వేలే! తీసేసుకోనా?" అని మెసేజ్. ఫొటోని పెద్దది చేసి చూస్తే 16 పక్కన ఒక స్టార్ గుర్తు. బాక్స్ అడుగున దాని అర్థం: 8 జీబీ అసలు ర్యామ్, మిగతా 8 జీబీ వర్చువల్ ర్యామ్.

ఇది అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్దాం. ర్యామ్ అంటే వంట గట్టు. స్టోరేజీ అంటే సామాన్ల గది. గట్టు మీద చోటు చాలనప్పుడు కొన్ని గిన్నెలు సామాన్ల గదిలో పెట్టి, కావాల్సినప్పుడల్లా వెళ్లి తెచ్చుకోవచ్చు. వర్చువల్ ర్యామ్ చేసేది అదే. కొంత ఉపయోగం ఉంది, కాదనను. కానీ స్టోరేజీ వేగం ర్యామ్ వేగంతో పోలిస్తే చాలా తక్కువ. పైగా అందుకు వాడుకునే చోటు మీరు డబ్బిచ్చి కొన్న స్టోరేజీలోంచే పోతుంది. అలాంటిది గట్టూ గదీ కలిపి కొలిచి "మా వంట గట్టు ఇంత పొడవు" అని బోర్డు పెడితే ఎలా? నేతి బీరకాయలో ఉన్నంత నెయ్యే ఇందులోనూ ఉంది.

కెమెరాదీ ఇదే కథ. 200 మెగాపిక్సెల్ అని యాడ్‌లో స్క్రీన్ అంతా నిండిపోయే అంకె వేస్తారు. కానీ ఆ ఫోన్ మామూలుగా తీసే ఫొటో 12.5 మెగాపిక్సెల్ దగ్గరే ఉంటుంది. సెన్సర్ మీదున్న 16 చిన్న పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కేస్తుంది. వెలుతురు తక్కువున్నప్పుడు ఫొటో బాగా రావడానికి అదే మంచి పద్ధతి కూడా. మరి ఫొటో నాణ్యత దేన్నిబట్టి ఉంటుంది? సెన్సర్ సైజు, లెన్స్, ఫొటోను సరిచేసే సాఫ్ట్‌వేర్. ఆపిల్ 2015లో వచ్చిన 6ఎస్ నుంచి 2022లో వచ్చిన 14 దాకా మామూలు ఐఫోన్లలో మెయిన్ కెమెరాను 12 మెగాపిక్సెళ్ల దగ్గరే ఉంచింది. అయినా ఆ ఫొటోలు బాలేవని ఎవరూ అనలేదు. ఇక వెనకాల మూడు కళ్లు కనిపించడం కోసం కొన్ని చవక ఫోన్లలో పెట్టే 2 మెగాపిక్సెల్ మాక్రో, డెప్త్ కెమెరాల గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది. కొన్న వారం తర్వాత వాటిని ఎవరైనా వాడారా?

నీళ్ల సంగతి చూద్దాం. ఐపీ68 అంటే నీళ్లలో పడినా తట్టుకుంటుందని అర్థం. ఆ పరీక్ష చేసేది ల్యాబ్‌లో, కొత్త ఫోన్ మీద, మంచినీళ్లలో. ఆర్కే బీచ్‌లో అలలకు తడిస్తే అది వేరే సంగతి. ఎక్కువ కంపెనీల వారంటీ కార్డులో నీళ్ల వల్ల పాడైతే బాధ్యత మాది కాదని రాసుంటుంది. నీళ్లలో ముంచి చూపించి అమ్మడం, తడిసి పాడైతే చేతులు దులుపుకోవడం... రెండూ ఒకే కంపెనీ ఎలా చేస్తుందో నాకైతే అర్థం కాదు.

చివరగా ధర. "రూ.19,999 నుంచి" అని ఉంటుంది. లోపలికెళ్తే అసలు ధర 24,999. ఫలానా బ్యాంకు కార్డుంటే 2,000 తగ్గింపు, పాత ఫోన్ ఇస్తే ఇంకో 3,000. ఆ కార్డు లేని వాడికీ, పాత ఫోన్‌ని తమ్ముడికి ఇచ్చేసిన వాడికీ ఆ 19,999 అనే ధర లేనే లేదు. "నో కాస్ట్ ఈఎంఐ" అంటారు. చివరి పేజీలో ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కనిపిస్తాయి. కాస్ట్ లేనిది పేరులోనే.

పెద్దలూ దొరికిపోయారు

ఇదంతా చిన్న కంపెనీల వేషాలు అనుకుంటే పొరపాటు. 2012లో నోకియా తన లూమియా 920 కెమెరా ఎంత నిలకడగా ఉంటుందో చూపిస్తూ ఒక వీడియో విడుదల చేసింది. ఒకమ్మాయి సైకిల్ మీద వెళ్తుంటే ఫోన్‌తో తీసినట్టు. దారిలో ఒక కిటికీ అద్దంలో అసలు బొమ్మ కనపడిపోయింది: వ్యానులో కూర్చుని పెద్ద కెమెరాతో షూట్ చేస్తున్న మనిషి! నోకియా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. విచిత్రమేంటంటే ఆ ఫోన్ కెమెరా నిజంగానే మంచిది. ఉన్నదున్నట్టు చూపించినా సరిపోయేది.

శామ్‌సంగ్ ఆస్ట్రేలియాలో కొన్ని గెలాక్సీ ఫోన్లను స్విమ్మింగ్ పూల్‌లో, సముద్రపు నీళ్లలో వాడొచ్చన్నట్టు యాడ్లు వేసింది. తడి ఆరకముందే చార్జింగ్ పెడితే పోర్టు పాడయ్యే ప్రమాదముందని తర్వాత తేలింది. ఆ యాడ్లు తప్పుదారి పట్టించాయని కంపెనీయే ఒప్పుకుంది. 2022లో అక్కడి ఫెడరల్ కోర్టు 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఆపిల్ సంగతి ఇంకా తాజాది. 2024లో ఐఫోన్ 16తో పాటు, మన సొంత విషయాలు గుర్తుపెట్టుకుని జవాబిచ్చే కొత్త సిరిని యాడ్‌లో చూపించింది. 2025 మార్చిలో ఆ సిరి ఆలస్యమవుతుందని చెప్పి, యాడ్ తీసేసింది. అప్పటికే ఆ సిరి కోసమని ఫోన్ కొన్నవాళ్ల సంగతి?

మన దగ్గర 2016లో వచ్చిన ఫ్రీడమ్ 251 మీకు గుర్తుండే ఉంటుంది. 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అని పేపర్లలో యాడ్లు. బుకింగ్ కోసం జనం ఎగబడితే వెబ్‌సైటే కూలబడింది. జర్నలిస్టులకు ఇచ్చిన ఫోన్ల మీద వైట్‌నర్ గీకితే కింద ఇంకో కంపెనీ పేరు బయటపడింది! ఆశపడిన వాళ్లలో ఫోన్ చేతికొచ్చింది బహు కొద్దిమందికే. అది పచ్చి మోసం కాబట్టి అందరికీ అర్థమైంది. స్టార్ గుర్తు పెట్టి చెప్పేది సగం నిజం కాబట్టి అర్థం కాదు. తేడా అంతే.

ఊరింపు తెలుగులో, షరతు ఇంగ్లీషులో

"యాడ్ అన్నాక కాస్త అతి ఉంటుంది బ్రో. సబ్బు రాసుకుంటే హీరోయిన్ అయిపోమని ఎవరికి తెలీదు?" అని నా ఫ్రెండ్ ఒకడు వాదిస్తాడు. మంచి ప్రశ్నే. సబ్బు యాడ్‌లో ఉన్నది అతిశయోక్తి అని పసిపిల్లలకూ తెలుసు. కానీ "16 జీబీ", "ఐపీ68" అనేవి కొలతలు. కొలత చెప్పగానే మనం నమ్ముతాం. కిరాణా కొట్టులో కిలో అంటే కిలోనే కదా! కొలత మాటున చేసే అతి వేరే రకం. తెలిసినవాడు తప్పించుకుంటాడు, తెలియనివాడు దొరికిపోతాడు. మా పిన్నికి నేనున్నాను. ఎవరూ లేనివాళ్ల మాటేమిటి?

ఇందులో నాకు బాగా కోపం తెప్పించేది భాష. టీవీలో, యూట్యూబ్‌లో యాడ్ మొత్తం చక్కటి తెలుగులో నడుస్తుంది. మన హీరో, మన యాస, మన పండగ. షరతులు మాత్రం అడుగున ఇంగ్లీషులో, రెండు సెకన్లు. ఐదంగుళాల వెడల్పు కూడా లేని స్క్రీన్ మీద అవి చదవాలంటే భూతద్దం కావాలి.

నిజానికి ఇది కుదరదని నిబంధనే ఉంది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, యాడ్లపై మార్గదర్శకాలు తెచ్చింది. యాడ్‌లో గొప్ప ఏ భాషలో చెప్పారో షరతు కూడా ఆ భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలి. పైన ఒకటి చెప్పి, కింద షరతులో దాన్ని తిరగేయకూడదు. 2019 చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే యాడ్‌కి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. చట్టం బాగానే ఉంది. ఫిర్యాదు చేసే మనమే ఎక్కడా కనిపించడం లేదు.

రివ్యూనా? యాడా?

మన తరం టీవీ యాడ్ చూసి ఫోన్ కొనడం తక్కువ. రివ్యూ చూసి కొంటాం. అందుకే యాడ్ కూడా రివ్యూ వేషం కట్టింది. ఫోన్ ఫ్రీగా పంపుతారు, విదేశంలో లాంచ్‌కి తీసుకెళ్తారు. తర్వాత వచ్చే వీడియోలో లోపాలు చెబుతారు, కాకపోతే "బాక్స్‌లో కవర్ ఇంకాస్త బాగుండాల్సింది" లాంటివి!

రివ్యూ చేసేవాళ్లు డబ్బు తీసుకోవడం నేరం అనను. వీడియో తీయడం కష్టమైన పని, వాళ్లకీ ఇల్లు గడవాలి. తీసుకున్నామని చెప్పకపోవడమే తప్పు. 2023 జనవరిలో కేంద్రం ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఈ సంగతే స్పష్టం చేసింది. డబ్బే కానక్కర్లేదు. ఫ్రీ ఫోన్, ట్రిప్, డిస్కౌంట్, ఏది ముట్టినా చూసేవాళ్లకు కనిపించేలా చెప్పాలి. కనిపించేలా అంటే హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో పన్నెండోదిగా దాచడం కాదు. నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. లాంచ్ రోజు వీడియోని యాడ్‌ కిందే జమకడతాను. మూడు నెలలు వాడాక చేసిన వీడియోనే రివ్యూ అంటాను.

విలువ ఎక్కడుంది?

ఇంతకీ ఫోన్ విలువ కొలిచేదెలా? నేను చుట్టాలకు చెప్పే లెక్క చాలా సింపుల్. ధరను వాడే నెలలతో భాగించండి. 15,000 పెట్టి కొన్నది రెండేళ్లకే మూలన పడితే నెలకు 625. 24,000 పెట్టింది నాలుగేళ్లు నడిస్తే నెలకు 500. అలాగని ఖరీదైనదే కొనమని కాదు. కాల్స్, వాట్సాప్, యూపీఐ, యూట్యూబ్ మాత్రమే వాడేవాళ్లు 12,000 ఫోన్‌ని నాలుగేళ్లు వాడితే నెలకు 250. అంతకంటే తెలివైన బేరం లేదు.

కాబట్టి అసలు అడగాల్సిన ప్రశ్నలు వేరు. సాఫ్ట్‌వేర్, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? గూగుల్ పిక్సెల్ 8కీ, శామ్‌సంగ్ ఎస్24కీ ఏడేళ్లు అని మాటిచ్చాయి. మీరు కొనే ఫోన్‌కి ఎన్ని? బ్యాటరీ మార్చాలంటే ఎంత? స్క్రీన్ పగిలితే ఎంత? సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందా, లేక విజయవాడకో వరంగల్‌కో పరిగెత్తాలా? ఫోన్ ఎంతకాలం బతుకుతుందో తేల్చేవి ఇవి. యాడ్‌లో కనిపించనివీ ఇవే.

యూరప్‌లో ఈ సమాచారం కొంత బాక్స్ మీదకే ఎక్కింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకు లేబుల్ తప్పనిసరి. బ్యాటరీ ఎన్నిసార్లు చార్జింగ్‌కి తట్టుకుంటుంది, కింద పడితే ఎంతవరకు ఓర్చుకుంటుంది, రిపేర్ చేయడం ఎంత తేలిక, అన్నీ ఏ, బీ, సీ గ్రేడుల్లో, అంకెల్లో ఉంటాయి. మన ఫ్రిజ్‌ల మీద స్టార్ రేటింగ్ ఉన్నట్టే. ఫ్రిజ్ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెట్టడం మన అమ్మలకు ఎవరూ క్లాసు తీసుకుని నేర్పలేదు. లేబుల్ కళ్ల ముందుంది కాబట్టి నేర్చుకున్నారు. ఫోన్‌కి కూడా అలాంటిది పెట్టమని అడగడం అత్యాశేమీ కాదు.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈసారి తెలుగు యాడ్ కింద ఇంగ్లీషు షరతు పరిగెడితే పాజ్ కొట్టి స్క్రీన్‌షాట్ తీయండి. 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. రీల్‌కి లైక్ కొట్టడం కంటే ఇంకాస్త ఎక్కువ టైం పడుతుందేమో, అంతే. షరతులు మనకేనా, వాళ్లకు కూడా వర్తిస్తాయని ఒకసారి గుర్తుచేద్దాం.