మత్కుణోపాఖ్యానము

తెలుగు బాలురకు నల్లితో పరిచయము మంచముమీదనే కాక బడిలోను కలుగును. నల్లి కుట్టిన దోషమునకు మంచము దెబ్బలు తినవలసివచ్చినట్లు, అల్పుని సహవాసము మంచివానికి కీడు తెచ్చునని సుమతీ శతకము బోధించుచున్నది. సంస్కృతములో ఒక చాటుకవి మరింత సాహసించి, లక్ష్మి తామరపూవునందును, శివుడు మంచుకొండపైనను, విష్ణువు పాలకడలియందును పవ్వళించుటకు నల్లుల భయమే కారణమై యుండునని శంకించినాడు. పంచతంత్రములో రాజుగారి పాన్పునందు సుఖముగా కాపురముండిన మందవిసర్పిణి యను పేను, అగ్నిముఖుడను నల్లికి ఒక రాత్రి ఆతిథ్యమిచ్చినది. రాజునకు నిద్రపట్టక మునుపే ఆ అతిథి ఆత్రపడి కుట్టినాడు. రాజు లేచినాడు, సేవకులు వెదకినారు. నల్లి మంచపు సందులో దూరి బ్రదికిపోయినది. దుప్పటిలోని పేను దొరికి చచ్చినది.

ఈ మూడింటిలోను గృహస్థునకు మిక్కిలి పనికివచ్చునది పంచతంత్ర కథయే. రాజుగారి సేవకులు చేసినదే నేటికిని ప్రతి యింటను జరుగుచున్నది. కనబడినదానిని చంపుదుము, సందులో దూరినదానిని మరచిపోదుము. సుమతీ శతకకారుడు మంచమును నిరపరాధిగా తలచినాడు గాని, ఈ విషయమున ఆయనతో ఏకీభవించుట కష్టము. మంచమునకు సందులే లేనిచో నల్లికి నిలువ నీడ లేదు. పేనువలె అది మనుష్యుని దేహముపై కాపురముండదు. వారమునకొకసారి భోజనమునకు వచ్చి, అయిదు పది నిమిషములలో కడుపు నింపుకొని, మరల తన సందునకు పోవును. దాని జీవితమంతయు ఆ చీకటిలోనే గడచును.

దేహనిర్మాణము కూడ అందుకు తగినట్లే యున్నది. పెరిగిన నల్లి పొడవు 4, 5 మిల్లీమీటర్లు. రెక్కలు లేవు, ఎగురలేదు, గెంతలేదు, నడచుట యొక్కటే దానికి తెలిసిన విద్య. ఆకలిగొన్నప్పుడు కందిపప్పు బద్దకన్న చదునుగా నుండును గనుక పోస్టుకార్డు అంచు దూరు సందు దానికి సింహద్వారము. నిద్రించువాని ఒంటి వెచ్చదనమును, ఊపిరితో వెలువడు బొగ్గుపులుసు వాయువును అనుసరించి అది మంచముపైకి వచ్చును. దాని లాలాజలము రక్తమును గడ్డకట్టనీయదు. కుట్టినపుడు నొప్పియు తెలియదు. తెల్లవారిన తరువాత దద్దుర్లు చూచుకొని దోమలను తిట్టువారు చాలమంది.

ఆడనల్లి తన జీవితకాలములో 200కు పైగా గ్రుడ్లు పెట్టగలదు. ఒక్కొక్కటి మిల్లీమీటరు పొడవున, ముత్యపు వన్నెతో, కఱ్ఱకు జిగురుతో అంటుకొని యుండును గనుక దులిపినంత మాత్రమున రాలదు. వెచ్చని దినములలో ఆరు మొదలు పది రోజులకు పిల్ల బయటపడును. అది అయిదుమారులు కుబుసము విడిచి పెద్దదగును. కుబుసము విడువబోవు ప్రతిసారియు ఒక పూట రక్తము కావలెను. చలిదేశములలో ఏడాదివరకు ఉపవాసముండగలదని శాస్త్రజ్ఞులు వ్రాసినారు. మన వేడిమిలో అంతకాలము నిలువజాలదు గాని, కొన్ని వారముల పస్తును లెక్కచేయదు. కనుక గదికి తాళము వేసి పదిహేను రోజులు ఊరికి పోయి వచ్చిన గృహస్థునకు ఆకలిగొన్న నల్లులే స్వాగతము పలుకును.

దాని పేరులోనే సగము శాస్త్రమున్నది. హిందీవారు ఖట్మల్ అందురు. అందులో మంచము వినబడుచున్నది. తమిళులు మూట్టైప్పూచ్చి అందురు. మూట్టై యనగా మూట. ఒక మాట నల్లి కాపురమును, రెండవ మాట దాని ప్రయాణమును చెప్పుచున్నవి. ఇంటికి నల్లి నడచివచ్చుట అరుదు, మూటలో వచ్చును. ప్రయాణికుని పెట్టెలో, సంతలో కొన్న పాత కుర్చీలో, వసతిగృహమునుండి పండుగ సెలవులకు వచ్చిన విద్యార్థి పరుపుచుట్టలో అది దిగుమతి యగుచున్నది.

కావున నల్లి మురికికి గుర్తు అను నమ్మకము తప్పు. దాని ఆహారము చెత్త కాదు, రక్తము. ధనికుని రక్తమునకును పేదవాని రక్తమునకును అది భేదము చూపదు. 2023 శరదృతువున ప్యారిస్ మహానగరమున రైళ్ళలోను, సినిమాహాళ్ళలోను నల్లులు కనబడినవని ఫ్రాన్సు దేశమంతయు కలవరపడినది. ఇంట సామాను కిక్కిరిసియుండుట వలన నల్లికి దాగుచోట్లు హెచ్చగు మాట నిజము. అంతకుమించి శుభ్రతకును దానికిని సంబంధము లేదు. అయినను మన సమాజమున నల్లి పేరెత్తుట సిగ్గుగా నున్నది. ఈ సిగ్గే నల్లికి పెట్టని కోట. అద్దెకున్నవాడు ఇంటి యజమానితో చెప్పడు. వసతిగృహములో ఒక విద్యార్థి ప్రక్క మంచపువానితో చెప్పడు. వారు దాచిన రెండు నెలలలో ఒక్క గది నల్లులు నాలుగు గదులకు వ్యాపించును.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయ మొకటి కలదు. మొదటి పాఠమునకే కునుకుపాట్లు పడుచు, చేతులు గోకికొనుచున్న బాలుడు సోమరి కాకపోవచ్చును. నల్లి కాటువలన మనుష్యులకు రోగములు సంక్రమించినట్లు రుజువు లేదు. కాని నిద్ర చెడును. గోకిన చోట పుండ్లుపడి చీముపట్టును. నల్లులు మితిమీరిన యిండ్లలో పసివారికి రక్తహీనత కలుగుటయు కలదు. ఆ బాలుని అందరి ముందర ప్రశ్నించినచో అబద్ధము చెప్పును. ఒంటరిగా పిలిచి అడుగవలెను.

ఇక మందుల చరిత్ర. 1939లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ డి.డి.టి.కి గల కీటక సంహార శక్తిని కనుగొని, 1948లో నోబెల్ బహుమానము పొందెను. నల్లుల కథ ముగిసినదని లోకము సంతోషించినది. కాని ఆ బహుమానమునకు ముందే, 1947లో, హవాయి దీవులలోని పెర్ల్ హార్బరులో డి.డి.టి.కి చావని నల్లులు కనబడినవి. మన దేశమున 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము మొదలై ఇండ్ల గోడలకు ఆ మందు చల్లినప్పుడు, మొదట దోమలతోపాటు నల్లులును చచ్చినవి. తరువాత దోమలు చచ్చుచుండగా నల్లులు మాత్రము మందు తగిలి చిరాకుపడి సందులు విడిచి బయట తిరుగసాగినవి. మందు చల్లుట వలననే నల్లులు హెచ్చినవని తలుపులు తీయుటకు నిరాకరించిన గృహస్థులు కొన్ని చోట్ల ఉండిరి. వారిని మూఢులనుట న్యాయము కాదు. వారు చూచినదే వారు చెప్పిరి.

దీనిలోని సూక్ష్మము విద్యార్థులకు సులభముగనే తెలియును. వేయి నల్లులపై మందు పడినపుడు పుట్టుకతోనే దానికి తట్టుకొను శక్తి గల నాలుగు మిగులును. తరువాతి తరమంతయు ఆ నాలుగింటి సంతానమే. చామంతి జాతి పూవులలోని విషమును అనుకరించి చేసిన పైరెథ్రాయిడ్ మందులకును ఇదే గతి పట్టినది. నేడు అంగడిలో దొరకు పిచికారీ డబ్బాలలో అనేకము ఈ జాతివే. గదినిండ పొగ నింపు డబ్బాలు మరియు నిరర్థకములు; ఆ పొగ సందులలోనికి చాలినంత పోదు.

నల్లి చావకపోవుట ఒక నష్టము. అంతకన్న ఘోరమైనది మనుష్యుడు చచ్చుట. ఇచ్చట తెలుగు మాటయే ఒక ప్రమాదమును తెచ్చిపెట్టుచున్నది. మిరపతోటకు పట్టు ఎఱ్ఱనల్లిని, తెల్లనల్లిని కూడ మన రైతులు నల్లి యనియే పిలుతురు. అది ఎనిమిది కాళ్ళ జీవి, సాలెపురుగునకు చుట్టము; మంచపు నల్లికి కాళ్ళు ఆరే. పేరు ఒక్కటైనంత మాత్రమున పొలమునకు కొన్న నల్లి మందును పరుపుపై చల్లరాదు. రాత్రి ఎనిమిది గంటలు ఆ విషముపై పడుకొనువారు ఇంటివారే. ధాన్యమునకు పురుగు పట్టకుండ వాడు అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళికలు ఇంకను భయంకరములు. గాలిలోని తేమ తగిలి వాటినుండి వెలువడు వాయువు ప్రక్కగదిలో నిద్రించువారిని కూడ చంపగలదు. దానికి విరుగుడు లేదు. 2015లో కెనడా దేశపు ఫోర్ట్ మెక్‌మరే పట్టణమున ఒక ఇంట నల్లుల కొరకు ఇట్టి గుళికలుంచగా పసిపిల్లలు మరణించిరి. కిరసనాయిలు పోసి అగ్నిప్రమాదములు తెచ్చుకొనుట అందరెరిగినదే. కర్పూరము, కలరా ఉండలు, వేపాకు పొగ అంత హానికరములు కావు గాని, వాటివలన నల్లి తొలగినచో ప్రక్క సందునకు తొలగును.

అయినచో ఉపాయమేమి? పూర్వపు గృహిణులకు తెలిసినదే, కొంత లెక్కతో చేయవలెను. నవారు మంచమును విప్పి, కోళ్ళను పట్టెలనుండి ఊడదీసి, బెజ్జములలో సలసల కాగు నీళ్ళు పోయు అలవాటు మన యిండ్లలో నుండెడిది. సంక్రాంతికి వేయు సున్నము గోడ బీటలను పూడ్చెడిది. ఈ రెండును నేటి శాస్త్రమునకు సమ్మతములే. వేడిమి 45 డిగ్రీలున్నచో పెద్ద నల్లి చచ్చుటకు గంటన్నర పట్టును. గ్రుడ్డునకు అనేక గంటలు కావలెను. 55 డిగ్రీలలో రెండును తక్షణమే నశించును. వేడిమికి ఎదురుతిరుగు శక్తిని నల్లి డి.డి.టి. విషయమున వలె సంపాదింపలేదు.

ఎండలో వేయుటను గూర్చి మాత్రము ఒక హెచ్చరిక. మేనెల యెండలో పరుపును మిద్దెపై ఆరవేసి తృప్తిపడువారు గలరు. పరుపు పై భాగము కాలుచుండగా నల్లి నెమ్మదిగా నీడ భాగమునకు నడచిపోవును. దూది దానికి గొడుగు పట్టును. దుప్పట్లు, తలగడ గలీబులు, బట్టలు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉడికించవచ్చును. నీళ్ళు తగులరాని పలుచని వస్తువులను నల్లని ప్లాస్టిక్ సంచిలో బిగించి, కాగిన నేలపై మిట్టమధ్యాహ్నపు టెండలో మధ్యమధ్య త్రిప్పుచు, వరుసగా కొన్ని దినములు ఉంచవలెను. దళసరి పరుపు కుట్టులకు ఆవిరి పట్టుటయో, పరుపునంతను సందులేని తొడుగులో బంధించుటయో మంచిది.

అన్నిటికన్న ముందు వెదకుట. చేతిదీపము, పాత శుభలేఖ అట్ట ఈ రెండు చాలును. పరుపు కుట్టు వెంబడి, మంచపు మరల రంధ్రములలో, తలవైపు గోడకు తగిలించిన పటముల వెనుక, విద్యుత్తు స్విచ్చుల పలకల అంచున, పేముకుర్చీ అల్లికలో, పుస్తకముల వీపుల సందున అట్టతో గీకి చూడవలెను. సిరాచుక్కలవంటి నల్లని మచ్చలు, పొట్టువంటి కుబుసములు కనబడినచోట నల్లి యున్నట్లే. అది నిద్రించువానికి ఒకటి రెండు మీటర్ల దూరములోనే ఎక్కువగా కాపురముండును గనుక ఇల్లంతయు పీకి పందిరి వేయనక్కరలేదు. దొరికిన సందును వేడిచేసి, లప్పముతో పూడ్చవలెను.

తరువాత మంచమును ద్వీపము చేయవలెను. గోడకు జానెడు దూరము జరిపి, దుప్పటి నేలకు వ్రేలాడకుండ దోపి, నాలుగు కోళ్ళక్రిందను నాలుగు గిన్నెలుంచవలెను. చీమలు పట్టకుండ పాలగిన్నెను నీళ్ళ పళ్ళెములో నుంచు ఇల్లాలికి ఈ ఉపాయము క్రొత్త కాదు. విదేశములలో అమ్ము నున్నని పొడి గిన్నెలు అచ్చటి నల్లికి సరిపోవును గాని, ఉష్ణదేశములలోని మన నల్లి వేరొక జాతిది. దాని పాదములకు నున్నని గోడనెక్కు నేర్పు హెచ్చు. కావున గిన్నెలో నీరు పోసి, నాలుగు చుక్కల సబ్బునీరు కలుపవలెను. మరియొక మాట: కుట్టుచున్నవని వేరొక గదిలో పడుకొనరాదు. ఆహారము ఎచ్చటికి పోయిన నల్లి అచ్చటికి పోవును. ద్వీపముపైననే పడుకొని, దిగివచ్చువానిని గిన్నెలో పట్టవలెను.

ఈ పనియంతయు ఒక ఆదివారము చేసి మరచువానికి ఫలితము లేదు. గ్రుడ్లు పొదుగుటకు పదిరోజులు పట్టును గనుక వారమునకొకసారి వెదకుట, ఉడికించుట కనీసము రెండు నెలలు సాగవలెను. అప్పటికిని తగ్గనిచో శిక్షణ పొందినవారిని పిలిపించి, సందులలో మాత్రమే మందు వేయించుట మేలు.

వసతిగృహమునుండి సెలవులకు వచ్చిన పిల్లవాని పెట్టెను గడప లోపలికి తేకుండ వాకిటనే విప్పవలెను. బట్టలు నేరుగా వేడినీళ్ళ బానలోనికి, పరుపుచుట్ట ఎండలోని నల్లసంచిలోనికి పోవలెను. ఖాళీ పెట్టె బందుల సందులలో కాగిన నీళ్ళు పోసి బోర్లించవలెను. తిరిగి పోవునాడు వసతిగృహమువారును గుమ్మము దగ్గర ఇట్లే చేయుదురేని, తల్లి చేసిన శ్రమ వృథా కాదు.