నీలి షర్బతు గుట్టు

వచ్చే ఆదివారం మీ చెల్లెలి పుట్టినరోజు అనుకోండి. స్నేహితులంతా వచ్చారు. మీరు పళ్ళెంలో నాలుగు గాజు గ్లాసులు పెట్టుకుని వచ్చారు. అడుగున లేత పసుపుపచ్చని ద్రవం, పైన ఆకాశమంత నీలం, రెంటి మధ్యా వేలాడుతున్న ఎర్రని దానిమ్మ గింజలు! "ఏమిటిది, సిరా కలిపావా?" అని ఎవరో అడుగుతారు. మీరు చెంచా ఇచ్చి, "కలిపి చూడు" అంటారు. ఒక్క తిప్పు తిప్పగానే నీలం కాస్తా ఊదా రంగులోకి, ఊదా కాస్తా గులాబీ ఛాయలోకి మారిపోతుంది. అందరూ నోళ్ళు తెరుస్తారు.

ఇందులో మంత్రం లేదు, బజారులో కొన్న రంగు పొడి కూడా లేదు. ఒక పువ్వు, ఒక నిమ్మకాయ, కాస్త పంచదార, నాలుగు పుదీనా ఆకులు ఉన్నాయి. మిగతాదంతా మీ సైన్సు పుస్తకంలో ఉన్నదే.

పువ్వులో దాగిన రంగు

ఆ పువ్వు శంఖపుష్పం. మన కంచెల మీద, గుడి ప్రహరీల మీద అల్లుకునే తీగె. కొన్నిచోట్ల దీన్ని దింటెన అంటారు. తెల్ల పూలు పూసే రకం కూడా ఉంది కాని మనకు కావలసింది నీలిది. థాయిలాండులో ఈ పూలను వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీలి నీళ్ళలో నిమ్మరసం పిండుకుని తాగుతారు. మలేసియాలో ఈ పూలతో అన్నాన్ని నీలంగా వండుకుంటారు. ఈ పూల నుంచి తీసిన రంగును ఆహార పదార్థాల్లో వాడడానికి అమెరికా ప్రభుత్వం 2021లో అనుమతించింది.

పూలకూ పళ్ళకూ ఎరుపు, ఊదా, నీలం రంగులు ఇచ్చే పదార్థాల్లో ఆంథోసయనిన్లు ముఖ్యమైనవి. గ్రీకు భాషలో 'ఆంథోస్' అంటే పువ్వు, 'కయనోస్' అంటే నీలం. నేరేడు పళ్ళు తింటే నాలుక ఊదాగా మారడానికీ, నల్లద్రాక్ష నల్లగా ఉండడానికీ, మందారం ఎర్రగా ఉండడానికీ ఇవే కారణం. శంఖపుష్పంలో ఉన్న ఆంథోసయనిన్లను టర్నేటిన్లు అంటారు. ఇండొనేసియాలోని టెర్నాటె అనే దీవి పేరు ఈ మొక్క శాస్త్రీయ నామంలోకి ఎక్కింది, అక్కడి నుంచి రంగుకూ వచ్చింది.

మరి నిమ్మరసం తగిలితే రంగు ఎందుకు మారుతుంది? నిమ్మరసం ఆమ్లం. ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్లు ఎక్కువగా ఉంటాయి. అవి వర్ణకం అణువుకు అతుక్కుంటే ఆ అణువులోని ఎలక్ట్రానుల అమరిక మారుతుంది. అమరిక మారితే అది పీల్చుకునే కాంతి మారుతుంది. తెల్లని వెలుగులో నుంచి అణువు పీల్చుకోగా మిగిలినదే కదా మన కంటికి చేరేది! అందుకే ముందు నీలంగా కనిపించిన నీళ్ళు తర్వాత గులాబీ ఛాయలో కనిపిస్తాయి. అణువు అదే, దాని పక్కన చేరినవి మారాయి, అంతే.

మందులకొట్టు షర్బతు

ఈ సంగతిని మొదట శ్రద్ధగా పరిశీలించి రాసినవారిలో రాబర్ట్ బాయిల్ ఒకడు. వాయువుల పీడనం, ఘనపరిమాణం పాఠంలో బాయిల్ నియమం చదువుతారే, ఆ బాయిలే. ఆ రోజుల్లో ఇంగ్లండులో వయొలెట్ పూలతో చేసిన షర్బతును మందుగా వాడేవారు. ప్రతి మందులకొట్టులోనూ దొరికేది. బాయిల్ ఆ నీలి షర్బతును తెల్ల కాగితం మీద వేసి, దానికి ఒక చుక్క ఆమ్లం తగిలించాడు. ఎర్రబడింది. క్షారం తగిలించాడు. పచ్చబడింది. రంగుల గురించి తాను 1664లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతి రాశాడు. ఏది ఆమ్లమో, ఏది క్షారమో నోట్లో వేసుకోకుండా తెలుసుకునే దారి దొరికింది! మీ బడి ప్రయోగశాలలోని లిట్మస్ కాగితానికి ఈ షర్బతు అన్నగారన్నమాట.

1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్సెన్ ఆమ్లాల బలాన్ని కొలవడానికి పి.హెచ్. కొలమానం ప్రవేశపెట్టాడు. స్వచ్ఛమైన నీటికి 7. అంతకంటె తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత 10 రెట్లు పెరిగినట్టు. నిమ్మరసం పి.హెచ్. 2కూ 3కూ మధ్య ఉంటుంది. నాలుగు చుక్కలకే రంగు ఎందుకు కదులుతుందో ఇప్పుడు తెలిసింది కదా!

ఇక చేద్దాం

నలుగురికి కావలసినవి: ఎండిన శంఖపుష్పాలు 20 (పచ్చివైతే 30), నీళ్ళు 600 మి.లీ., పంచదార 100 గ్రాములు, పాకానికి నీళ్ళు 50 మి.లీ., రెండు మూడు నిమ్మకాయలు, ఒక కట్ట పుదీనా, రెండు చెంచాల సబ్జా గింజలు, ఒక దానిమ్మ పండు, ఐసు ముక్కలు.

పొయ్యి దగ్గర పని ఉంది కనుక అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకోండి. పూలు మీకు బాగా తెలిసిన తీగె నుంచే కోయండి. పురుగుమందు చల్లిన చోట కోయకండి. కింది ఆకుపచ్చని తొడిమ తీసేసి, పూరేకులు మాత్రమే వాడండి. ఈ మొక్క గింజలూ వేళ్ళూ విరేచనాలు కలిగిస్తాయి, వాటి జోలికి పోవద్దు.

మొదటి పని: నీళ్ళు మరగనిచ్చి దించి, పూలు వేసి పది నిమిషాలు మూత పెట్టండి. వడకట్టి బాగా చల్లార్చండి.

రెండో పని: పంచదారలో 50 మి.లీ. నీళ్ళు పోసి కరిగేవరకు కాచి దించండి. వేడిగా ఉండగానే పది పుదీనా ఆకులు నలిపి వేయండి. చల్లారాక ఆకులు తీసేసి, నాలుగు పెద్ద చెంచాల నిమ్మరసం కలపండి.

మూడో పని: సబ్జా గింజలను ఒక గ్లాసు నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టండి. ప్రతి గింజ చుట్టూ జిగురు పొర ఉబ్బి, కప్ప గుడ్లలా కనిపిస్తాయి. పొడి గింజలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. గొంతులో ఉబ్బి అడ్డం పడే ప్రమాదం ఉంది.

నాలుగో పని: పాకాన్ని నాలుగు గ్లాసుల్లో సమంగా పోయండి. నానిన సబ్జా, దానిమ్మ గింజలు వేయండి. గ్లాసు మూడు వంతులు నిండేలా ఐసు ముక్కలు పేర్చండి. ఇప్పుడు ఒక చెంచాను బోర్లించి పట్టుకుని, దాని వీపు మీదుగా నీలి నీళ్ళను ధార కట్టకుండా మెల్లగా పోయండి. ఇక్కడ తొందరపడితే తమాషా అంతా పోతుంది! నీళ్ళు దబ్బున పడితే అడుగున ఉన్న నిమ్మరసం లేచి కలిసిపోతుంది. మీ అతిథులు చూడకముందే రంగు మారిపోతుంది.

గ్లాసులో అంతస్తులు

రెండు ద్రవాలూ కలిసిపోకుండా ఒకదానిమీద ఒకటి ఎలా నిలిచాయి? సాంద్రతలో తేడా వల్ల. ఒక మి.లీ. నీళ్ళ బరువు ఒక గ్రాము. నిమ్మరసం కలిపిన మన పాకం ఒక మి.లీ. సుమారు 1.2 గ్రాములు. బరువైనది అడుగున, తేలికైనది పైన.

దానిమ్మ గింజలను చూడండి. ఇంట్లో పండు వలిచేటప్పుడు వాటిని నీళ్ళలో వేస్తే గింజలు మునుగుతాయి, మధ్య పొరల ముక్కలు తేలుతాయి. అంటే గింజలు నీటికంటె బరువు. కాని పాకం కంటె తేలిక. అందుకే అవి నీలి నీళ్ళలో మునిగి, పాకం మీద తేలి, సరిగ్గా సరిహద్దులో ఆగిపోతాయి. ఐసు ముక్కలేమో నీటికంటె తేలిక కనుక అన్నిటికంటె పైన. తాజ్‌మహల్ కట్టినట్టు గ్లాసులో అంతస్తులు కట్టింది ఆర్కిమెడీస్ సూత్రమే.

వడ్డించే ముందు ఒక పుదీనా రెమ్మను రెండు అరచేతుల మధ్య పెట్టి చప్పట్లు కొట్టండి. ఆకుల మీది సన్నని నూనె గ్రంథులు పగిలి వాసన గుప్పుమంటుంది. దాన్ని గ్లాసు అంచున గుచ్చండి. పుదీనా నోటికి చల్లగా తగులుతుంది కదా, నిజానికి అది నోటిని చల్లబరచదు! మన నరాల కొసల్లో చలిని కనిపెట్టే గ్రాహకం ఒకటి ఉంది. పుదీనా జాతి నూనెల్లోని మెంథాల్ దాన్ని తట్టి లేపుతుంది. మెదడు 'చలి' అనుకుంటుంది. ఈ గ్రాహకాన్ని 2002లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్, ఆర్డెం పటపూటియన్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. స్పర్శనూ, వేడినీ, చలినీ శరీరం ఎలా గుర్తిస్తుందో కనుక్కున్నందుకు ఆ గౌరవం.

పొగ మాత్రం వద్దు

పెళ్ళి విందుల్లో పొగలు కక్కే పానీయాలు మీరు చూసే ఉంటారు. "మన షర్బతులోనూ అలా పొగ వస్తే ఎంత బాగుంటుందో!" అనిపించవచ్చు. వద్దు. ఆ పొగ కోసం పొడి మంచునో, ద్రవ నైట్రోజన్‌నో వాడతారు. పొడి మంచు అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. దాని ఉష్ణోగ్రత సున్నాకు 78 డిగ్రీలు దిగువ. ద్రవ నైట్రోజన్ 196 డిగ్రీలు దిగువ. తాకితే కాలినట్టే చర్మం చచ్చిపోతుంది. మింగితే ఇంకా ఘోరం. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. అంత వాయువు పొట్టలో ఎక్కడ పడుతుంది?

2012లో ఇంగ్లండులో ఒక అమ్మాయి తన 18వ పుట్టినరోజున అలాంటి పానీయం తాగింది. ప్రాణం దక్కించడానికి డాక్టర్లు ఆమె జీర్ణాశయాన్నే తీసేయవలసి వచ్చింది. 2024లో మన దేశంలోనే, గురుగ్రామ్‌లోని ఒక హోటల్లో భోజనం తర్వాత నోటి శుద్ధికని పొడి మంచు ఇచ్చారు. అది నోట్లో వేసుకున్నవారు ఆసుపత్రి పాలయ్యారు. పుట్టినరోజు పానీయం మళ్ళీ పుట్టినరోజు జరుపుకోనిచ్చేదిగా ఉండాలి. రంగు చాలు మనకు.

నిమ్మకాయలో నెత్తురు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ గ్లాసులో జరిగినదే ఇంకోచోట, ఇంకో విధంగా జరుగుతోంది.

ఒక ఇంట్లో ఎవరికో జ్వరం తగ్గడంలేదు. ఒక 'మంత్రగాడు' వస్తాడు. నిమ్మకాయ తెప్పించి, తన కత్తితో కోస్తాడు. ఎర్రని రసం కారుతుంది! "నెత్తురు! మీకు ఎవరో చేతబడి చేశారు" అంటాడు. ఇంటిల్లిపాదీ వణికిపోతారు. డబ్బు చేతులు మారుతుంది. అంతటితో ఆగితే నయమే. చేతబడి చేశారన్న అనుమానంతో ఇరుగుపొరుగు వారినే కొట్టి చంపిన సంఘటనలు మన తెలుగు రాష్ట్రాల్లో జరిగాయి.

ఆ కత్తికి ముందే ఎర్ర మందారం రేకులు రుద్ది ఆరబెట్టి ఉంటారు. ఆరిన రసం మరకలా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. నిమ్మరసం తగలగానే మందారంలోని ఆంథోసయనిన్ నెత్తురంత ఎర్రగా మారుతుంది. మీ షర్బతులో జరిగినదే! జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు ఊరూరా తిరిగి ఈ గుట్టును చేసి చూపిస్తుంటారు.

దిష్టి తీసే ఎర్రనీళ్ళ సంగతీ ఇలాంటిదే. పసుపు నీళ్ళలో కాస్త సున్నం వేస్తే ఎర్రబడతాయి. అక్కడ వర్ణకం వేరు, దాని పేరు కుర్కుమిన్. అది ఆమ్లానికి కాక క్షారానికి ఎర్రబడుతుంది. చొక్కా మీది కూర మరకకు సబ్బు రాస్తే ఎర్రనవడానికీ ఇదే కారణం. మన ఇంట్లో అమ్మమ్మలకు తెలిసిన రసాయనశాస్త్రం ఇది.

మీరే చేసి చూడండి

నీలి నీళ్ళు కొంచెం మిగుల్చుకోండి. నాలుగు చిన్న గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో చింతపండు రసం, రెండోదాంట్లో సోడా, మూడోదాంట్లో చిటికెడు వంటసోడా వేయండి. నాలుగోదాంట్లో ఏమీ వేయకండి. పోల్చి చూడడానికి అది ఉండాలి. ఏ రంగు వచ్చిందో నోటు పుస్తకంలో రాసుకోండి. ఈ గ్లాసుల్లోవి తాగవద్దు, ఇవి ప్రయోగానికే. శంఖపుష్పం దొరకకపోతే ఎర్ర మందారం రేకులతో చేయండి. అది నీలంగా ఉండదు కాని నిమ్మరసానికి ఇంకా ఎర్రగా మెరుస్తుంది.

ఇక పుట్టినరోజు నాడు అందరూ గ్లాసులు కలిపి, ఆశ్చర్యపోయి, చప్పట్లు కొట్టాక, "ఎలా చేశావు?" అని తప్పకుండా అడుగుతారు. మంత్రగాడైతే నవ్వి ఊరుకుంటాడు. మీరు అలా చేయకండి. ఒక పువ్వూ, ఒక నిమ్మకాయా చేతిలోకి తీసుకుని అంతా విప్పి చెప్పండి. ఆ తర్వాత మందారం రుద్దిన కత్తితో ఒక నిమ్మకాయ కోసి చూపించండి. అది చూసిన పిల్లల్లో ఒక్కరైనా రేపు తమ ఇంటి గుమ్మంలో మంత్రగాడు నిలబడినప్పుడు, "ముందు ఆ కత్తి కడగండి" అని అడుగుతారు. ఆ ఒక్క మాట చాలు.